నిలిపిన బండికే పని ఎక్కువ

పోయిన నెల డాలస్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఇక్కడ ఒహాయోలోని కొలంబస్‌లో మా అపార్ట్‌మెంట్లలోనే ఉండేవాడు. "అన్నా, మేమూ ఒక ఆర్వీ కొందామనుకుంటున్నాం. ఏడాదికి నాలుగు ట్రిప్పులు, మహా అయితే ఐదు. అంత తక్కువ తిప్పే బండికి మెయింటెనెన్స్ ఏముంటుందిలే, అంతేగా?" అన్నాడు.

అంతే కాదు. ఫోన్‌లో పావుగంట చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. ఈ రెండేళ్ళలో కనీసం ఆరుగురు మనవాళ్ళు ఇదే ప్రశ్న అడిగారు. అందరి లెక్కా ఒకటే. తక్కువ తిరిగితే తక్కువ అరుగుతుంది, తక్కువ అరిగితే తక్కువ పని. కారు విషయంలో ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. ఆర్వీ విషయంలో నన్ను ముంచింది ఆ లెక్కే. అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇండియాలో చదివేవాళ్ళ కోసం ఒక మాట. ఆర్వీ అంటే రిక్రియేషనల్ వెహికిల్. ఇంజనుతో సహా ఒకే బండిగా ఉంటే మోటార్‌హోమ్ అంటారు. ఇంజను లేకుండా ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళేది ట్రావెల్ ట్రెయిలర్. మాది రెండో రకం. 2015 మోడల్, 26 అడుగులు. లోపల మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, బాత్రూమ్, 40 గ్యాలన్ల మంచినీళ్ళ ట్యాంకు, కింద మురుగుకు రెండు ట్యాంకులు, ముందు రెండు గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ. ఇల్లు కదలదు కాబట్టి దాని అతుకులు విడవవు. లారీ కదులుతుంది, కానీ దానికి పొయ్యి, షవరు, గోడల్లో నీళ్ళ పైపులు ఉండవు. ఆర్వీకి ఇంటి బాధలూ ఉన్నాయి, లారీ బాధలూ ఉన్నాయి. ఇది అర్థమైతే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

మా బండి 2021 ఏప్రిల్‌లో కొన్నాం. అప్పుడు ఆర్వీలకు ఎంత గిరాకీ ఉందో ఇక్కడున్న వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. కోవిడ్ వల్ల విమానాలు, హోటళ్ళు వద్దనుకున్న జనమంతా వీటి మీద పడ్డారు. ఒక్క 2021లోనే 6 లక్షలకు పైగా కొత్త ఆర్వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళ్ళాయి. కొత్తది మా బడ్జెట్‌కు అందక, ఒక డీలర్ దగ్గర ఆరేళ్ళ పాతది తీసుకున్నాం. "రూఫ్ అంతా చెక్ చేశాం" అని కాగితం మీద టిక్కు పెట్టి ఇచ్చారు. నేను పైకెక్కి చూడలేదు. టిక్కును నమ్మాను.

మొదటి పాఠం మూడు నెలల్లోనే టైరు నేర్పింది. ఆ జూలైలో కెంటకీలోని మామత్ కేవ్‌కు బయల్దేరాం. లూయీవిల్ దాటి ఐ-65 హైవే మీద వెళ్తుంటే వెనక నుంచి తుపాకీ పేలినట్టు చప్పుడు. అద్దంలో చూస్తే ట్రెయిలర్ కుడి వైపు రబ్బరు ముక్కలు ఎగురుతున్నాయి. మెల్లగా పక్కకు తీసి దిగి చూస్తే, పేలిన టైరు చక్రం పైనున్న ప్లాస్టిక్‌ను చీల్చుకుని లోపలి నీళ్ళ పైపును కూడా తెంపేసింది. పిల్లలు బెదిరిపోయారు. లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే ఆ గాలికి బండి మొత్తం ఊగుతోంది. ఆ ముప్పావు గంట నేను ఎన్నటికీ మర్చిపోను.

నాకు మింగుడుపడనిది ఏమిటంటే, ఆ టైరు చూడటానికి కొత్తదే. ట్రెడ్ నిండుగా ఉంది. సాయం చేయడానికి వచ్చిన టో ట్రక్కు ఆయన వంగి, టైరు పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల తర్వాత ఉన్న చివరి నాలుగు అంకెలు చూపించాడు. 1415. అంటే 2015వ సంవత్సరం, 14వ వారం తయారీ. ఆరేళ్ళు దాటింది. ట్రెయిలర్ టైరు అరిగి చావదు, ముసలిదై చస్తుంది. ఎండకు, గాలికి రబ్బరు లోపల్లోపల గట్టిపడిపోతుంది. బరువుతో ఒకేచోట నెలల తరబడి నిలబడితే ఇంకా త్వరగా. పైకి ఏమీ కనిపించదు. ఐదేళ్ళు దాటితే అనుమానించాలి, ఆరో ఏడు వచ్చాక ట్రెడ్ ఎంత ఉన్నా మార్చేయాలి. ఇది నేను ఇప్పుడు పాటిస్తున్న నియమం. మిగిలిన మూడు టైర్లూ మర్నాడే మార్పించాను.

మన హైవేల మీద లారీ ఆపగానే క్లీనర్ దిగి, ఇనప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి ఆ చప్పుడు వింటాడు. చిన్నప్పుడు అదేదో ఆట అనుకునేవాణ్ణి. చేతిలో గేజ్ లేని మనిషి చెవితో గాలి కొలుచుకుంటున్నాడని ఇప్పుడు తెలిసింది. మా దగ్గర గేజ్ ఉంది. మా టైర్లకు 65 పీఎస్ఐ. బండి కదలకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ప్రతి ట్రిప్పుకూ ముందు, ట్రిప్పులో ప్రతి ఉదయం. చక్రం విప్పి బిగించినప్పుడల్లా 10 మైళ్ళకు, 25 మైళ్ళకు, 50 మైళ్ళకు ఆగి నట్లు టార్క్ రెంచ్‌తో (బిగుతు కొలిచే పానా) మళ్ళీ చూడాలి. పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ.

చక్రం దగ్గరే ఇంకొకటి ఉంది, బేరింగులు. మా తాతయ్య ఎడ్లబండికి ఒక వెదురు గొట్టం వేలాడుతూ ఉండేది. అందులో ఆముదం, గడ్డి కాల్చిన మసి కలిపిన కందెన. సంతకు బయల్దేరే ముందు ఇరుసుకు పూసేవాడు. ట్రెయిలర్ చక్రం లోపల జరిగేది కూడా అదే. కందెన బదులు గ్రీజు, ఇరుసు మీద రెండు బేరింగులు. ఇరుసులు తయారుచేసే కంపెనీల పుస్తకంలో 12 నెలలకు ఒకసారి లేదా 12,000 మైళ్ళకు ఒకసారి, ఏది ముందొస్తే అప్పుడు, పాత గ్రీజు తీసి కొత్తది కూర్చమని ఉంటుంది. ఏడాదికి 12,000 మైళ్ళు మనలో ఎవరు లాగుతారు? కాబట్టి ఆచరణలో దాని అర్థం ఏడాదికొకసారి అనే. కదలని చక్రం లోపల గ్రీజు కిందకి జారిపోతుంది, తేమ చేరితే బేరింగు తుప్పు పడుతుంది. తమ్ముడి లెక్క తప్పని చెప్పడానికి ఆ పుస్తకంలోని ఒక్క వాక్యం చాలు. ఇరుసు తయారుచేసినవాళ్ళే మైళ్ళతో పాటు నెలలు కూడా లెక్కపెట్టమన్నారు.

మోటార్‌హోమ్‌లలో జనరేటర్ ఉంటుంది. కమిన్స్ ఓనాన్ వాళ్ళు తమ జనరేటర్లను నెలకొకసారి, దాదాపు సగం లోడు పెట్టి రెండు గంటలు నడపమంటారు. వాడకపోతే కార్బురేటర్లో పెట్రోలు జిగురు కట్టి మూసుకుపోతుంది. అక్కడా అదే సంగతి. ఊరికే ఉంచినందుకు పాడవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. నీళ్ళు.

2022లో మా అమ్మకు ఆరోగ్యం బాగోక రెండుసార్లు తెనాలి వెళ్ళాను. ఆ ఏడాది ఒక్క ట్రిప్పు కూడా వేయలేదు. బండి ఇంటికి 10 మైళ్ళ దూరంలో, ఆరుబయట స్టోరేజీలో నిలబడి ఉంది. కదల్లేదు కాబట్టి క్షేమంగా ఉందనుకున్నాను. 2023 మే నెలలో తలుపు తీశాం. లోపలికి వెళ్ళిన నిమిషానికి మా ఆవిడ మంచం పైనున్న అలమారా తెరిచి, "ఏవండీ, దుప్పట్లు తడిసిన గోనెసంచి వాసన వస్తున్నాయి" అంది. నేను పట్టించుకోలేదు. చాన్నాళ్ళు మూసిపెట్టాం కదా, ఏదో ముక్కిపోయిన వాసన అన్నాను. ఆమె అలమారాలోవన్నీ బయటపెట్టి మూల దగ్గర వేలితో నొక్కింది. వేలు లోపలికి దిగబడింది. అట్టపెట్టె తడిస్తే ఎలా అవుతుందో గోడ అలా ఉంది.

ఆర్వీ గోడ దేంతో చేస్తారో అప్పటిదాకా నాకు తెలియదు. బయట కాగితంలా పల్చటి ఫైబర్‌గ్లాస్ పొర. దాని వెనక మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్. దాని వెనక థర్మోకోల్ లాంటి ఫోమ్, లోపల సన్నటి కర్రల చట్రం లేదా అల్యూమినియం చట్రం. ఇవన్నీ జిగురుతో ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. తేలిగ్గా ఉండాలి కాబట్టి అలా చేస్తారు, దాన్ని తప్పుపట్టను. కానీ ఈ గోడ పొడిగా ఉన్నంతవరకే గోడ. నీళ్ళు దిగితే ముందు ఆ ప్లైవుడ్ ఉబ్బుతుంది, జిగురు వదులుతుంది, బయటి పొర బుడగలా లేస్తుంది. డీలామినేషన్ అంటారు. ఆ బుడగ బయటికి కనిపించేసరికి లోపల కథ అయిపోయి ఉంటుంది.

నీళ్ళు ఎక్కడ నుంచి దిగాయి? అందరూ కప్పు మీదున్న ఏసీని, గాలి కిటికీలను అనుమానిస్తారు. మా బండిలో అవి బాగానే ఉన్నాయి. ముందు గోడ, పక్క గోడ కలిసే మూలలో పైనుంచి కిందిదాకా ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. దాన్ని వరసగా స్క్రూలతో బిగించి, ఆ స్క్రూలు కనబడకుండా ఒక ప్లాస్టిక్ రిబ్బను దూరుస్తారు. ఎండకు ఆ రిబ్బను ముడుచుకుపోయి పొట్టిదైపోయింది. పైన రెండు అంగుళాల సందు వచ్చింది. వాన ఆ సందులోంచి స్క్రూల మీదకి, స్క్రూలు తుప్పు పట్టి ఆ రంధ్రాల్లోంచి కర్రలోకి. ఒక్కో చుక్క. ఏడాదంతా.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అంటారు. రాయి సంగతేమో గానీ, ఆర్వీ మీద రంధ్రాలు మూసే ఆ తెల్లటి సీలెంట్ మాత్రం ఒహాయో ఎండకే పగులుతుంది. టెక్సస్ ఎండకు చెప్పక్కర్లేదు. ముందు మెరుపు పోతుంది, తర్వాత వెంట్రుకంత గీతలు పడతాయి, ఆ తర్వాత అంచు లేస్తుంది. ఈ మూడు దశలకూ ఏళ్ళు పడుతుంది. అంటే మనకు బోలెడంత వ్యవధి ఇచ్చి మరీ పాడవుతుంది. చూసేవాడు ఉండాలంతే.

మా ఊరి పెంకుటింటికి ఏటా తొలకరి ముందు నాన్న పెంకులు సర్దించేవారు. ఇల్లు కారుతోందని కాదు. కారినా కారకపోయినా మృగశిర కార్తె లోపల మనిషి పైకెక్కి, జరిగిన పెంకు సరిచేసి, పగిలినది మార్చి దిగాల్సిందే. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న ఏడు కూడా ఆ పని ఆగలేదు. తాటాకిళ్ళ వాళ్ళు అంతకన్నా జాగ్రత్తగా ఉండేవాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి, పాతిక వేల డాలర్లు పెట్టి కొన్న బండి కప్పును రెండేళ్ళు చూడకుండా వదిలేశాను. దాని గురించి ఇప్పటికీ బాధగానే ఉంది.

రిపేరుకు ఒకచోట అడిగితే 6,800 డాలర్లు, అదీ సెప్టెంబర్ దాకా తేదీ లేదన్నారు. పక్కింటి పెద్దాయన వడ్రంగం చేసి రిటైరైన మనిషి. ఆయన సాయంతో నేనే మొదలుపెట్టాను. ఆరు వారాంతాలు పట్టింది. పుచ్చిన కర్ర చేత్తో పొడిపొడిగా రాలింది. మూల పట్టీ విప్పి, పాత జిగురు గీకి, కొత్త కర్ర వేసి, బ్యూటైల్ టేపు (నీళ్ళు చొరబడని జిగురు పట్టీ) పరిచి, తుప్పు పట్టని స్క్రూలతో మళ్ళీ బిగించాం. సామానుకు అయింది 700 డాలర్ల లోపే. కానీ ఆ మూలకు ఏడాదికి రెండుసార్లు సీలెంట్ చూసుకుని ఉంటే ఒక ట్యూబుతో, 15 డాలర్లతో పోయేది.

అందుకని కప్పు పని ఎలా చేయాలో కొంచెం వివరంగా చెబుతాను. ఏడాదికి రెండుసార్లు తప్పనిసరి, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి. మూడు నెలలకొకసారి చూడగలిగితే ఇంకా మంచిది. మా కప్పు ఈపీడీఎం అనే రబ్బరు పొర. దాన్ని పెట్రోలియం కలిసిన క్లీనర్లతో కడిగితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. మామూలు సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు. మోకాళ్ళ కింద ఒక ప్లైవుడ్ పలక వేసుకుని, బరువు ఒకేచోట పడకుండా కదలాలి. ప్రతి రంధ్రం చుట్టూ, ప్రతి అతుకు పొడవునా చూపుతో పాటు వేలు కూడా పోనివ్వాలి. కన్ను చూడలేని పగులును వేలు పట్టుకుంటుంది. కప్పు మీద అడ్డంగా ఉన్నచోట దానంతటదే పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్, నిలువు అంచులకు జారని రకం. ఆ రెండూ వేరు. నిలువు మీద మొదటి రకం వేస్తే కారి గోడంతా చారలవుతుంది. పాతది గట్టిగా అంటుకుని ఉంటే పీకక్కర్లేదు, శుభ్రం చేసి పైన వేయొచ్చు. హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ మాత్రం వద్దు. తర్వాత దాని మీద ఇంకేదీ అంటుకోదు. పాత ఓనరు సిలికాన్ పూసిన చోట్లు గీకడానికే నాకు ఒక పూట పట్టింది.

ఇండియానాలోని ఎల్కార్ట్ మీకు దగ్గరైతే అక్కడి ఆర్వీ మ్యూజియం చూసి రండి. అమెరికా ఆర్వీల్లో అత్యధికం ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే తయారవుతాయి. ఆ మ్యూజియంలో 1913 నాటి ట్రెయిలర్ ఒకటి ఉంది. చెక్కతో చేసినది, నూట పదేళ్ళు దాటినా నిలబడే ఉంది. మా పెద్దాడు దాన్ని చూసి "నాన్నా, ఇది పాడవలేదేం, మనది పాడైందేం?" అని అడిగాడు. తల పైకెత్తి చూడమన్నాను. దాని మీద పెద్ద హాలు కప్పు ఉంది. వాన పడదు, ఎండ తగలదు.

లోపల నుంచి కూడా నీళ్ళు వస్తాయి. ఇది మన వంటవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 26 అడుగుల డబ్బాలో కుక్కర్ నాలుగు విజిల్స్ వేసి, పక్క పొయ్యి మీద చారు మరిగి, ఆరుగురు మనుషులు రాత్రంతా ఊపిరి తీస్తే ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? బయట చలిగా ఉంటే కిటికీ చట్రాల మీద, పరుపు కింద నీళ్ళై కూర్చుంటుంది. మా పరుపు కింద బూజు అలాగే వచ్చింది. వంట మొదలుపెట్టే ముందే కప్పు ఫ్యాను వేసి ఒక కిటికీ కొంచెం తీయాలి. పొయ్యి మీది చిమ్నీ ఫ్యాను వేసే ముందు బయటి గోడకున్న దాని మూతను ఒకసారి చూడండి. రోడ్డు మీద టపటపా కొట్టుకోకుండా దానికి చిన్న గొళ్ళేలు ఉంటాయి. అవి తీయకపోతే ఫ్యాను తిరుగుతుంది గానీ పోపు పొగ బయటికి పోదు. మేము మొదటి ఏడాదంతా అలాగే వాడాం.

చలికాలం సంగతి టెక్సస్ తమ్ముడికి పెద్దగా పట్టకపోవచ్చు, అయినా 2021 ఫిబ్రవరిలో డాలస్ గడ్డకట్టిన సంగతి అతనికి గుర్తుండే ఉంటుంది. మాకైతే అక్టోబర్ చివరికల్లా నీళ్ళ లైన్లు ఖాళీ చేయాల్సిందే. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది. ప్లాస్టిక్ పైపు కొంత ఓర్చుకుంటుంది, కుళాయిలూ పంపులూ ఓర్చుకోవు. ముందు ట్యాంకులన్నీ ఖాళీ. తర్వాత నీళ్ళ హీటర్ చల్లారాక దాని నీళ్ళు వదిలి, బైపాస్ వాల్వు తిప్పాలి. తిప్పకపోతే 6 గ్యాలన్ల ఖరీదైన యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) దాని కడుపులోకే పోతుంది. అప్పుడు గులాబీరంగు ఆర్వీ యాంటీఫ్రీజ్‌ను పంపుతో లాగి, ఒక్కో కుళాయిలో గులాబీరంగు వచ్చేదాకా తిప్పాలి. వేడిది, చల్లనిది, షవరు, టాయిలెట్. బండి బయటి గోడకు ఇంకో చిన్న షవరు ఉంటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు. వసంతంలో మొట్టమొదట కారేది కూడా అదే. కార్లలో పోసే యాంటీఫ్రీజ్ మాత్రం పొరపాటున కూడా వద్దు. అది విషం. మనం తాగే నీళ్ళ పైపులు ఇవి.

హీటర్ ఖాళీ చేసినప్పుడే, మీది సబర్బన్ కంపెనీదైతే, అడుగున ఒక ఆనోడ్ రాడ్డు ఉంటుంది. ఉక్కు ట్యాంకు బదులు తాను కరిగిపోవడమే దాని పని. ముప్పావు వంతు కరిగితే కొత్తది వేయాలి. బ్యాటరీ విషయానికొస్తే, పూర్తిగా చార్జ్ చేసి తీగ విడదీసి పెట్టండి. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మా చలికి గడ్డకట్టదు, ఖాళీది 20 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే గడ్డకట్టి పగలొచ్చు. గ్యాస్ అలారం లాంటి చిన్న చిన్నవి అన్నీ ఆపేశామనుకున్నా బ్యాటరీని తాగుతూనే ఉంటాయి.

మురుగు ట్యాంకు గురించి ఎక్కువ రాయను. క్యాంపులో ఉన్నన్ని రోజులూ టాయిలెట్ ట్యాంకు వాల్వు మూసే ఉంచి, నిండాక ఒకేసారి వదలండి. తెరిచి ఉంచితే నీళ్ళు జారిపోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. మనవాళ్ళకు నీళ్ళు ధారాళంగా వాడే అలవాటు కాబట్టి ట్యాంకు త్వరగా నిండుతుంది గానీ లోపల శుభ్రంగా ఉంటుంది.

గ్యాస్ గురించి మాత్రం ఎక్కువే చెప్పాలి. ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బు పోయే విషయాలు. ఇది ప్రాణాల విషయం. ఆర్వీలో పొయ్యి, నీళ్ళ హీటరు, గది వెచ్చజేసే ఫర్నేస్, చాలా బండ్లలో ఫ్రిజ్ కూడా ప్రొపేన్ మీద నడుస్తాయి. మనుషులు నిద్రపోయేది ఆ మంటలకు పది అడుగుల లోపే. గోడకు పెట్టిన గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం శాశ్వతం కాదు. వాటి లోపలి సెన్సర్లకు వయసుంది, సాధారణంగా 5 నుంచి 7 ఏళ్ళు. వెనక తేదీ వేసి ఉంటుంది. టెస్ట్ బటన్ నొక్కితే కుయ్యిమంటుంది కాబట్టి పనిచేస్తోందనుకోవద్దు. ఆ బటన్ హారన్‌నూ సర్క్యూట్‌నూ చూస్తుంది, ముసలిదైన సెన్సర్ వాయువును పసిగడుతుందో లేదో చెప్పదు. మేము కొన్న ఆరేళ్ళ బండిలో రెండూ ఫ్యాక్టరీలో పెట్టినవే. వాటి కిందే ఒక వేసవంతా పిల్లల్ని పడుకోబెట్టాం. ఆ తేదీ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పాత బండి కొంటే మొదటి రోజే ఆ రెండూ కొత్తవి పెట్టండి, పాతవాటి మీద ఏ తేదీ ఉన్నా సరే.

వసంతంలో ఫర్నేస్, హీటరు బయటి మూతలు తీసి చూడండి. నిలబడి ఉన్న బండి బర్నర్ గొట్టాల్లో కందిరీగలు, సాలీళ్ళు గూళ్ళు పెడతాయి. మంట నీలంగా నిలకడగా రావాలి. పసుపుపచ్చగా ఊగుతోందంటే గాలి సరిగా అందట్లేదని అర్థం. గొట్టాల అతుకులకు సబ్బు నురగ పూసి బుడగలు వస్తాయేమో చూడటం మన అమ్మలకు కొత్త సిలిండర్ పెట్టిన ప్రతిసారీ అలవాటే. ఇక్కడా అదే పద్ధతి, అదే సబ్బు.

ఇదంతా చదివాక మనవాళ్ళు వేసే రెండో ప్రశ్న నాకు తెలుసు. "నా గంటకు ఇంత జీతం, నేను కప్పెక్కి జిగురు పూయడం ఏం లెక్క? సర్వీస్ సెంటర్‌కు ఇస్తే పోలా?" ఈ మాటతో నేను గట్టిగా విభేదిస్తాను. బేరింగులు, బ్రేకులు, గ్యాస్ ప్రెషర్ పరీక్ష లాంటివి తెలిసినవాళ్ళ చేతే చేయించాలి, అందులో నాకు పట్టుదల లేదు. కానీ చూడటం అనే పని ఎవరికీ అప్పగించలేం. సీజన్‌లో సర్వీస్ సెంటర్లకు వారాల తరబడి తేదీలు దొరకవు. దొరికినా వాళ్ళు ఏడాదికి ఒక గంట చూస్తారు. పగులు అన్నది ఆ గంటలో పడదు. మా బండి టిక్కు పెట్టిన కాగితంతో సహా నా దగ్గరకు వచ్చింది, ఆ టిక్కు విలువ ఎంతో మూలగోడ చెప్పింది. పైగా అడవిలో, సిగ్నల్ లేని చోట, రాత్రి పదకొండింటికి పంపు ఆగకుండా తిరుగుతుంటే ఏ వాల్వు ఎక్కడుందో తెలిసిన మనిషి ఇంట్లో ఒకరు ఉండాలి. ఆ తెలివి వర్క్ ఆర్డర్‌తో రాదు, ఏప్రిల్‌లో మోకాళ్ళ మీద పాకితే వస్తుంది.

నేను లెక్కేసుకున్నాను. నాకు ఏడాదికి సుమారు పన్నెండు రోజులు పడుతోంది. వసంతంలో మూడు, శరదృతువులో మూడు, మిగతావి ట్రిప్పుల ముందూ వెనకా పూటలు పూటలుగా. బండి స్టోరేజీలో ఉన్న నెలల్లో నెలకొకసారి వెళ్ళి తలుపు తీసి వాసన చూసి వస్తాను, పెద్ద వాన పడ్డ మర్నాడైతే తప్పకుండా. ఒక రూళ్ళ నోట్‌బుక్ బండిలోనే ఉంది. సీలెంట్ ఎప్పుడు, టైరు తేదీ ఎంత, బ్యాటరీ వోల్టేజ్ ఎంత, అన్నీ తేదీతో సహా అందులో ఉన్నాయి. ఈ పన్నెండు రోజులు ఇవ్వలేనివాళ్ళను నేను తప్పుపట్టను. చిన్నపిల్లలు, వీసా టెన్షన్లు, ఇండియాలో పెద్దవాళ్ళు, ఎవరి పరిస్థితి వాళ్ళది. నేనూ ఒక ఏడాది ఇవ్వలేకపోయినవాణ్ణే. అలాంటప్పుడు క్రూజ్ అమెరికా లాంటి చోట్ల అద్దెకు తీసుకోవడం మంచి పని. ఏడాదికి రెండు వారాలు మంచి బండిలో తిరిగి తాళాలు ఇచ్చేయొచ్చు. సొంత బండి కొని, చూడకుండా పెరట్లో పెట్టుకుని, పుచ్చిపోయాక "ఆర్వీలన్నీ ఇంతే, చెత్త" అనడం మాత్రం నాకు నచ్చదు. కొన్ని నాసిరకంగా వస్తాయి, ఆ ఫిర్యాదు నిజమే. కానీ నేను చూసిన పుచ్చిన బండ్లలో ఎక్కువ వాటిని పుచ్చబెట్టింది ఓనర్ల రెండేళ్ళ మౌనం.

మా బండికి ఇప్పుడు పదేళ్ళు దాటాయి. కిందటి అక్టోబర్‌లో హాకింగ్ హిల్స్‌లో మూడు రోజులు వాన. పిల్లలు లోపల పేకాడుతున్నారు, కప్పు మీద చినుకుల చప్పుడు. మా ఆవిడ లేచి ఆ మూల అలమారా తెరిచి లోపల చేయి పెట్టింది. చేయి బయటకు తీసి నాకు చూపించింది, పొడిగా ఉంది. ఏమీ అనలేదు, వెళ్ళి టీ పెట్టింది.

మొన్న ఆదివారం డాలస్ తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఒక 2018 ట్రెయిలర్ చూడటానికి వెళ్ళాడట. ముందు మూలలు నొక్కాడు, టైర్ల మీద అంకెలు చదివాడు, అలారాల వెనక తేదీలు ఫోటో తీసి నాకు పంపాడు. కప్పు చూస్తానంటే అమ్మే ఆయన నిచ్చెన లేదన్నాడట, తెచ్చుకుంటానంటే అక్కర్లేదు అంతా బాగానే ఉందన్నాడట. తమ్ముడు నమస్కారం పెట్టి వచ్చేశాడు. వచ్చే శనివారం వేకో దగ్గర ఇంకోటి చూడటానికి వెళ్తున్నాడు. ఈసారి నిచ్చెన సొంతదే తీసుకెళ్తున్నాడు.